ఏం తిన్నరు, ఎప్పుడు తిన్నరు?



ఆపరేషన్ ముందు డాక్టర్ ఈ ప్రశ్న అడిగితే, తిడతారేమోనని మనవాళ్లు "ఏం తినలే" అంటారు. మేమూ అట్లా అన్నోళ్లమే. దాని వెనక ఎన్ని ప్రాణాలున్నాయో చదువుకున్నాకే తెలిసింది.

మత్తులో దగ్గు రాదు. పొట్టలోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 1946లో డాక్టర్ కర్టిస్ మెండెల్సన్ న్యూయార్క్‌లో 44,016 కాన్పుల లెక్క తీస్తే 66 మందికి అట్లా జరిగింది. ఇద్దరు తిండి అడ్డుపడి చనిపోయారు. ఆ తర్వాత కాన్పుకొచ్చినోళ్లకు తిండి పెట్టొద్దనే నియమం గట్టిపడింది.

కానీ యాక్సిడెంట్ అయినోళ్లు ఉపవాసంతో రారు కదా! పైగా నొప్పికి, భయానికి తిన్నది తొందరగా కిందికి దిగదు.

1958లో గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్‌తో పొట్టలోని గడ్డల్ని చూపించింది. 2009లో టొరంటో డాక్టర్లు దాంతోనే జీర్ణాశయంలో ఎంతుందో కొలిచారు. ఇప్పుడు మంచం దగ్గరే, కుడిపక్కకు తిప్పి చూస్తారు. నీళ్లుంటే నల్లగా, తిండి ఉంటే మసకగా కనిపిస్తుంది. నీళ్లు కిలో బరువుకు 1.5 మిల్లీలీటర్లు దాటినా, తిండి కనిపించినా నిండు పొట్ట కిందే లెక్క.

ఈ మిషన్‌కు కోయ, గోండి, తెలుగు ఏదీ అక్కర్లేదు. స్పృహ లేనోళ్ల పొట్ట కూడా జవాబు చెప్తది. కానీ అన్ని ఆసుపత్రుల్లో ఇట్లా చూడరు. అందుకే మన ముసలోళ్ల వెంట పోయినప్పుడు మనమే చెప్పాలి. గుక్కెడు జావ తాగినా సరే, దాచొద్దు.