చెట్టు వంపు, వింటి వంపు

1991 సెప్టెంబరు 19న ఇటలీ, ఆస్ట్రియాల సరిహద్దున ఆల్ప్స్ కొండల్లో, కరుగుతున్న మంచులోంచి ఒక మనిషి శవం బయటపడింది. తర్వాత లోకమంతా ఓట్జీ అని పిలుచుకున్న ఆ మనిషి సుమారు 5,300 ఏళ్ల కిందటివాడు. మనిషి ఎత్తు 1.60 మీటర్లు. అతని పక్కన దొరికిన, యూ అనే చెట్టు కర్ర పొడవు 1.82 మీటర్లు. కర్ర పొడవునా గొడ్డలి గాట్లు ఉన్నాయి. నారి ఎక్కించడానికి కొసల్లో గాడి లేదు. అమ్ములపొదిలో 14 బాణాలుంటే రెండే పూర్తయ్యాయి. చెక్కుతూ చెక్కుతూ ఉండగానే ఆగిపోయిన విల్లు అది.

విల్లు ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే పూర్తయిన వింటికన్నా ఇలా సగంలో ఆగినదే ఎక్కువ చెబుతుంది. నున్నగా గీకిన విల్లు మీద పనిముట్టు జాడ మిగలదు. ఈ కర్ర మీద ప్రతి దెబ్బా కనిపిస్తుంది. చెట్టు ఇచ్చిన కర్రను మనిషి ఎంతవరకు మార్చాడు, ఎక్కడ చెట్టు మాటే విన్నాడు అన్నది వింటి చరిత్ర పొడవునా వినిపించే ప్రశ్న.

విల్లు లాగినప్పుడు విలుకాడికి ఎదురుగా ఉండే వైపు, అంటే కడుపు, నొక్కుకుపోతుంది. అవతలి వైపు, అంటే వీపు, సాగుతుంది. వీపు మీది నార కొసనుంచి కొసదాకా తెగకుండా సాగిపోవాలి. ఉలి ఎక్కడైనా దాన్ని అడ్డంగా తెంపితే పెచ్చు అక్కడే లేస్తుంది, కాసేపటికి విల్లు విరుగుతుంది. చెట్టు నిటారుగా పెరిగితే నారా నిటారే. వంకర తిరిగితే నారా వంకరే. అలాంటి కర్రను రంపంతో తిన్నగా కోస్తే కంటికి ఇంపుగా ఉంటుంది గాని, విల్లుగా నిలవదు. అందుకే పాతకాలపు పనివాళ్లు మానును మేకులు దిగగొట్టి చీల్చారు. చీలిక ఎప్పుడూ నార వెంటే పోతుంది.

ఈ రహస్యం ఓట్జీకన్నా చాలా పాతది. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ చిత్తడి నేలలో 1944లో దొరికిన విళ్లు దాదాపు 9 వేల ఏళ్లనాటివి. ఎల్మ్ చెట్టు సన్నని మానుల నుంచి చేశారు. బెరడు ఒలిచాక బయటపడ్డ పై పొరనే వీపుగా వదిలేసి, పనంతా కడుపు వైపే చేశారు. పిడి దగ్గర సన్నం, దానికి అటూ ఇటూ ఉండే వింటి చేతులు రెండూ వెడల్పు. పై పొర మీద ఉలి పడకపోతే నార తెగే ప్రమాదమే లేదు.

మన దేశంలో పరిస్థితి కొంత వేరు. అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుడి విధులు చెప్పేచోట కౌటిల్యుడు విళ్లను తాటి, వెదురు, కొయ్య, కొమ్ము అని నాలుగు రకాలు చేశాడు. నారికి పనికొచ్చేవాటిలో మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, స్నాయువులను లెక్కించాడు. వింటినారికి మౌర్వి అనే పేరు వచ్చింది ఈ మూర్వ నుంచే. తాటి, వెదురుల నార సహజంగానే నిటారు. అవి చేతికందే చోట వంకర కొయ్యతో కుస్తీ పట్టే అవసరం తక్కువ. అలెగ్జాండర్ సేనాని నియార్కస్ ఈ దేశపు కాల్బలం మోసిన మనిషెత్తు విళ్లను వర్ణించాడు. ఒక కొసను నేలకు ఆనించి, ఎడమ పాదంతో అదిమిపట్టి లాగేవారని ఆయన మాటగా చరిత్రకారుడు అరియన్ రాసిపెట్టాడు.

కొయ్య వింటిని రాజ్యవ్యవహారం చేసింది ఇంగ్లండ్. యూ చెట్టులో ఎర్రటి చేవ నొక్కుడుకు ఓర్చుకుంటుంది, చేవ పైనుండే తెల్లచెక్క సాగుడుకు ఓర్చుకుంటుంది. రెండూ కలిసొచ్చేలా చీలిస్తే కడుపూ వీపూ ఒకే కర్రలో దొరుకుతాయి. ఇంగ్లీషు విలుకాళ్లు గెలిపించిన 1346 నాటి క్రేసీ, 1415 నాటి అజిన్‌కోర్ట్ యుద్ధాల తర్వాత ఈ కర్రకు గిరాకీ తగ్గలేదు. సొంత గడ్డ మీది యూ చాలక, రేవుకు వచ్చే ప్రతి టన్ సరుకుకూ నాలుగు వింటికర్రలు తేవాలని 1472లో చట్టం చేశారు. దాంతో మధ్య ఐరోపా అడవుల్లో యూ తరిగిపోయింది. 1562 నాటికి యూ నరకడం ఆపించమని బవేరియా ప్రభుత్వం చక్రవర్తికి మొరపెట్టుకోవలసి వచ్చింది.

1545లో రెండు సంఘటనలు జరిగాయి. రోజర్ ఆస్కమ్ ఇంగ్లీషులో విలువిద్య మీద తొలి పుస్తకం ‘టాక్సోఫిలస్’ అచ్చువేశాడు. కొమ్మ నుంచి, లేత మొక్క నుంచి, మాను నుంచి తీసిన విళ్లని మూడుగా విడదీసి, కణుపులమయమైన కొమ్మ బలహీనమనీ, మాను శ్రేష్ఠమనీ తేల్చాడు. అదే ఏడాది జులై 19న మేరీ రోజ్ అనే యుద్ధనౌక మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. ఆ నౌక నుంచి పూర్తి రూపంలో 137 విళ్లు, మూడున్నర వేలకు పైగా బాణాలు దొరికాయి. కొన్ని విళ్లు రెండు మీటర్లు దాటాయి. ఒక విద్య పుస్తకానికెక్కిన ఏడాదే, ఆ విద్యకు సాక్ష్యం సముద్రంలో భద్రమైంది.

అమెరికాలో కథ చెట్ల మీదే చెక్కి ఉంది. నెవాడా ఎడారి కొండల్లో జునిపర్ చెట్లు మెలికలు తిరిగి పెరుగుతాయి. వాటిలో ఎక్కడో ఒకచోట నార తిన్నగా ఉండే మేర వెతికి, పైనా కిందా గాట్లు పెట్టి, నిలిచున్న చెట్టు మీదే ఆ ముక్కను ఎండనిచ్చేవారు అక్కడి ఆదివాసులు. తర్వాత ఊడదీసి విల్లు చేసుకునేవారు. చెట్టు బతికే ఉండేది, గాయం మానాక మళ్లీ కర్ర ఇచ్చేది. పురావస్తు పరిశోధకుడు ఫిలిప్ విల్కీ 1988లో ఈ మచ్చల చెట్లను వివరంగా నమోదు చేశాడు.

కాలిఫోర్నియాలో యాహీ తెగవారిలో చివరివాడైన ఇషీ 1911లో అడవి దాటి వచ్చాడు. అతను వాడిందీ జునిపరే. ఆ కర్ర కొసల్ని వేడిరాయి మీద వంచేవాడు. వైద్యుడు సాక్స్‌టన్ పోప్ అతని దగ్గర కూర్చుని ఈ విద్య నేర్చుకున్నాడు. 1916లో ఇషీ చనిపోయాడు. రెండేళ్ల తర్వాత పోప్ యాహీ విలువిద్య మీద గ్రంథం వెలువరించాడు. మనిషితో పాటు పోవలసిన విద్య అలా మిగిలింది.

అమెరికా ఆదివాసులకు మరో ఇష్టమైన కర్ర ఓసేజ్ ఆరెంజ్. మన పనస, మర్రి కుటుంబానిదే. ఈ కర్ర కోసం ఆదివాసులు వందల మైళ్లు నడిచిపోతారని అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ 1804లోనే అధ్యక్షుడు జెఫర్సన్‌కు రాశాడు. 19వ శతాబ్దంలో రైతులు ఆ ముళ్ల చెట్టును పొలాలకు కంచెగా నాటారు. 1870ల్లో ముళ్లతీగ రాగానే దాన్ని పట్టించుకోవడం మానేశారు. కంచె చెట్టు ఒద్దికగా ఎందుకు పెరుగుతుంది? పాములా మెలికలు తిరిగింది.

1930ల్లో హిక్‌మన్, క్లాప్‌స్టెగ్, నాగ్లర్ అనే పరిశోధకులు వింటిని భౌతికశాస్త్రం కొలబద్ద మీద పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ పొరలు, జిగురు వచ్చాయి. తిన్నని పలకలు అతికించి, అచ్చులో బిగించి కావలసిన వంపు తేవచ్చు. చెట్టు మాట వినే పని తప్పింది. ఆ సౌకర్యమే నచ్చనివాళ్లు కొందరు మళ్లీ కొయ్య వైపు తిరిగారు. 1992లో ‘ట్రెడిషనల్ బోయర్స్ బైబిల్’ మొదటి సంపుటం వచ్చింది. ఎల్మ్, యాష్, హికరీ లాంటి తెల్లకర్రల బెరడు కింది పొరనే వీపుగా ఉంచుకుంటే మేలైన విల్లు వస్తుందని అలా కొయ్య వైపు తిరిగినవాళ్లలో ఒకడైన పాల్ కామ్‌స్టాక్ వాదించాడు. హోల్మెగార్డ్ పనివాళ్ల పద్ధతి తొమ్మిది వేల ఏళ్ల తర్వాత మళ్లీ పనిలోకి వచ్చింది.

వంకర కర్రకు గౌరవం దక్కింది కూడా ఈ తరంలోనే. ఓసేజ్ కర్రకు బెరడు, తెల్లచెక్క తీసేసి, చేవలో ఒకే ఒక్క వార్షిక వలయాన్ని కొసనుంచి కొసదాకా వెంటాడుతూ గీకుతారు. ఎగుడుదిగుడులు ఉంటే ఉండనిస్తారు. వీపు ఎక్కడ లేస్తే కడుపూ అక్కడ లోపలికి వంగాలి, మందం చెడకూడదు. కణుపు ఎదురైతే చుట్టూ కాస్త చెక్క అదనంగా వదిలి, గడ్డలా ఉంచుతారు. చేతి వెడల్పు గుర్తించే నడిమి గీతను తాడు పట్టి గీయరు, నార ఎటు పోతే అటే గీస్తారు. మొక్కై వంగనిది మానై వంగదంటారు గాని, ఆవిరికి ఎండిన మాను కూడా వంగుతుంది. కొయ్యలోని లిగ్నిన్ వేడికి మెత్తబడినప్పుడు, మరీ పక్కకు పోయిన కొసను దారికి తెస్తారు. తర్వాత గోడకు బిగించి, తాడు, కప్పీలతో కొద్దికొద్దిగా లాగుతూ బిగుసుగా ఉన్న చోట గీకుతారు. ఈ పనికి రోజులు పట్టవచ్చు.

చివరి పరీక్ష నారిదే. చేతులు రెండూ ఎన్ని మెలికలు తిరిగినా ఫరవాలేదు. నారి ఎక్కించి కంటికి ఎదురుగా పట్టుకున్నప్పుడు, ఆ తాడు పిడి నడిమి మీదుగా తిన్నగా పోతోందా అని మాత్రమే చూస్తారు. పోతే, కంచెలో వంకరగా పెరిగిన ఆ ఓసేజ్ కర్ర మీద తొలి బాణం ఎక్కుపెడతారు.