చుక్కల లిపి, రహస్య ఓటు

స్వతంత్ర భారతదేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలయ్యాయి. మన భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలు లిపి స్థిరపడినది కూడా ఆ ఏడే. ఈ రెండూ ఒకచోట కలవడానికి 53 ఏళ్లు పట్టింది.

రాజ్యాంగం 326వ అధికరణం వయోజనులకు ఓటు ఇచ్చింది. చూపు లేదనో, నడవలేరనో ఎవరినీ మినహాయించలేదు. కాని ఓటు వేసే పద్ధతి చూపుమీదే ఆధారపడింది. మొదటి ఎన్నికల్లో అభ్యర్థికొక పెట్టె, పెట్టెమీద గుర్తు. చదువురానివారికి ఆ గుర్తే అక్షరమైంది. చూపులేనివారికి అదీ అందలేదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు అంధులు, అశక్తులు వెంట ఒకరిని తోడు తెచ్చుకోవచ్చునన్నాయి. ఆ తోడు అదే రోజున మరొకరికి సాయపడరాదు. రహస్యం కాపాడతానని రాసి ఇవ్వాలి. ఏర్పాటు మంచిదే. అయినా ఓటు ఎవరికి పడిందో తోడుకు తెలుసు, ఓటరుకు నమ్మకమే గతి.

2004 ఏప్రిల్‌లో పోలింగు కేంద్రాలకు ర్యాంపులు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఏడే హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉపఎన్నికలో ఓటింగు యంత్రంమీద బ్రెయిలు అంకెలను ప్రయోగాత్మకంగా అమర్చారు. 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి ఆ ఏర్పాటు దేశమంతటికీ వచ్చింది. బ్రెయిలులో ఉన్న అభ్యర్థుల పట్టిక చదువుకొని, వరుససంఖ్యను వేలితో తడిమి, ఓటరు తానే మీట నొక్కవచ్చు.

రాష్ట్రం బయట పెరిగిన మనకు ఇందులో మరొక విశేషం ఉంది. భారతి బ్రెయిలులో ఒకే ధ్వనికి ఏ భాషలోనైనా అవే చుక్కలు. కన్నడ లిపి నేర్వని కోలారు తెలుగువాడు కన్నడ బ్రెయిలులోని పేరును తడిమి చదువుకోగలడు. బరంపురంలో ఒడియా పట్టికా అంతే. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం కనుక హోసూరులో కొంత తడబాటు తప్పదు. అంకెలు మాత్రం అంతటా ఒక్కటే.

కేంద్రానికి రాలేనివారి సంగతి 2019లో తేలింది. నియమాలను సవరించి, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి, 80 దాటిన వృద్ధులకు తపాలా ఓటును ఇంటివద్దే వేసే వీలు కల్పించారు; 2024లో ఆ వయసును 85కు పెంచారు. ఈ సదుపాయం 2021లో యానాంతో కూడిన పుదుచ్చేరికి, తమిళనాడుకు, 2023లో కర్ణాటకకు, 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటికీ అందింది. చట్టం వీరిని గైరుహాజరు ఓటర్లంటుంది. ఆ మాట వింటే బడి ఎగ్గొట్టిన పిల్లవాడు గుర్తుకొస్తాడు. ‘ఇంటి ఓటు’ అన్న వాడుకే మేలు.

అయితే ఇల్లు పోలింగు కేంద్రం కాదు. అధికారులు వచ్చినా, వీడియో తీసినా, మంచం పక్కన కొడుకో కోడలో నిలబడే ఉంటారు. 1961లో తోడుతో వచ్చిన చిక్కు మరో దారిన గడపలోకి రావచ్చు. గడప దాకా ఓటు తేవడం ప్రభుత్వం పని. ఆ కాసేపు గదిలోంచి తప్పుకోవడం మన పని.