బేత్లెహేము నక్షత్రం: ఖగోళ గణన, చారిత్రక ఆధారం

పరిచయం

తూర్పు దేశపు జ్ఞానులకు క్రీస్తు జననాన్ని సూచించిన నక్షత్రం గురించి నాలుగు సువార్తల్లో మత్తయి ఒక్కటే చెబుతుంది. లూకాలో గొర్రెల కాపరులున్నారు కాని నక్షత్రం లేదు. మార్కు, యోహాను సువార్తల్లో జనన వృత్తాంతమే లేదు. ఈ ఒక్క ఆధారాన్ని ఆకాశంలోని ఒక సంఘటనతో ముడిపెట్టి క్రీస్తు పుట్టిన సంవత్సరాన్ని నిర్ణయించవచ్చా? ఖగోళశాస్త్రం చరిత్రకారుడికి ఎంతవరకు తోడ్పడుతుందో పరిశీలిద్దాం.

కాల పరిమితి

మత్తయి ప్రకారం క్రీస్తు హేరోదు రాజు కాలంలో పుట్టాడు. హేరోదు మరణానికి ముందు చంద్రగ్రహణం వచ్చిందని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అది క్రీ.పూ. 4 మార్చి 13 నాటి పాక్షిక గ్రహణమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కాబట్టి జననం క్రీ.పూ. 4లో గాని, అంతకు ముందు గాని జరిగి ఉండాలి. క్రీస్తు క్రీస్తుపూర్వంలో పుట్టడమేమిటని మీకు సందేహం రావచ్చు. క్రీస్తు శకాన్ని 6వ శతాబ్దంలో డయోనీసియస్ ఎక్సిగస్ అనే క్రైస్తవ సన్యాసి లెక్కగట్టాడు. ఆ లెక్కలో కొన్నేళ్ల తేడా ఉంది.

ప్రధాన ప్రతిపాదనలు

1. గురు, శని గ్రహాల కలయిక: క్రీ.పూ. 7లో ఈ రెండు గ్రహాలు మీనరాశిలో మూడుసార్లు దగ్గరయ్యాయి. 17వ శతాబ్దం తొలినాళ్లలో జొహానెస్ కెప్లర్ ఆనాటి కలయికను లెక్కించాడు. అయితే ఆ కలయికే నక్షత్రమని ఆయన అనలేదు. దాని తర్వాత కొత్త నక్షత్రమొకటి వెలిసిందని భావించాడు. 1604లో అటువంటి కలయిక సమీపంలోనే ఒక కొత్త నక్షత్రం కనిపించడం ఆయన ఊహకు మూలం. కాని క్రీ.పూ. 7లో గ్రహాల మధ్య దాదాపు ఒక డిగ్రీ దూరం, అంటే పూర్ణచంద్రుని వెడల్పుకు రెట్టింపు, ఉంది. అవి ఒకే చుక్కగా కనిపించే అవకాశం లేదు.

2. తోకచుక్క: హేలీ తోకచుక్క క్రీ.పూ. 12లో వచ్చింది, అది మరీ ముందు. క్రీ.పూ. 5లో 70 రోజులకు పైగా ఒక తోకచుక్క కనిపించిందని చైనా హాన్ వంశ చరిత్రలో ఉంది. కాలం సరిపోతుంది. కాని ఆ రోజుల్లో తోకచుక్కను సాధారణంగా అపశకునంగా తలచేవారు.

3. గురు, శుక్ర గ్రహాల కలయిక: క్రీ.పూ. 2 జూన్ 17న ఇవి కంటికి దాదాపు ఒకటిగా కనిపించేంత దగ్గరయ్యాయి. కాని అప్పటికి హేరోదు చనిపోయాడు. అందుకే ఈ వాదాన్ని సమర్థించేవారు ఆయన మరణాన్ని క్రీ.పూ. 1కి జరుపుతారు.

4. జ్యోతిష సూచన: క్రీ.పూ. 6 ఏప్రిల్ 17న మేషరాశిలో చంద్రుడు గురుగ్రహాన్ని కప్పాడని, జ్యోతిషులు దాన్ని రాజజననానికి సూచనగా భావించి ఉంటారని మైకేల్ మోల్నార్ వాదించాడు. అది పగటిపూట జరిగింది. కంటికి కనబడదు, లెక్కకు మాత్రమే అందుతుంది.

గ్రంథాన్ని చదివే తీరు

తెలుగు బైబిలులో 'జ్ఞానులు' అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న మాట 'మాగోయ్'. మొదట పారశీక పురోహితులకు వర్తించిన ఈ మాట తర్వాత జ్యోతిషులకూ వర్తించింది. నక్షత్రం ఎప్పుడు కనబడిందని హేరోదు వారినే అడిగి తెలుసుకున్నాడు. దీన్నిబట్టి అది ఊరంతా చూసి ఆశ్చర్యపోయిన వెలుగు కాదనిపిస్తుంది. ఈ అంశం నాలుగో ప్రతిపాదనకు అనుకూలం. అయితే ఆ నక్షత్రం ముందు నడిచి, శిశువు ఉన్న చోటికి పైగా నిలిచిందని కూడా మత్తయి చెబుతుంది. ఏ గ్రహమూ, తోకచుక్కా ఒక ఇంటిని చూపలేవు.

మత్తయి సువార్త క్రీ.శ. 80-90 ప్రాంతంలో రూపొందిందని ఎక్కువమంది పండితులు భావిస్తారు. యాకోబు వంశంలో నక్షత్రం ఉదయిస్తుందన్న ప్రవచనం సంఖ్యాకాండంలో ఉంది. క్రీ.పూ. 44లో కనిపించిన తోకచుక్కను రోమన్లు జూలియస్ సీజర్ దైవత్వానికి గుర్తుగా తీసుకున్నారు. నక్షత్రం రాజత్వానికి చిహ్నమని ఆనాటి శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి రచయిత ఒక విశ్వాసాన్ని ఈ చిహ్నంతో ప్రకటించి ఉండవచ్చు.

సారాంశం

ఏ రాత్రి ఆకాశంలో ఏముందో ఖగోళశాస్త్రం కచ్చితంగా చెప్పగలదు. రచయిత దాన్నే వర్ణించాడని మాత్రం చెప్పలేదు. ముందు నక్షత్రాన్ని ఎంచుకుని, దానికి తగినట్టు హేరోదు మరణాన్ని జరపడం ఆధారాన్ని తలకిందులు చేయడమే. అలాగని ఖగోళ నిరూపణ లేనంత మాత్రాన విశ్వాసం వీగిపోదు. నిరూపణ దొరికితే విశ్వాసం రుజువు కాదు. రెండింటి హద్దులను గుర్తించడమే చరిత్ర విద్యార్థి నేర్వవలసిన పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

క్రీ.పూ. 2 నాటి గ్రహ కలయికను బేత్లెహేము నక్షత్రంగా అంగీకరించడంలో ఉన్న ఇబ్బంది ఏమిటి? పది పంక్తుల్లో రాయండి.