శాంపిల్ ఇచ్చేదెవరు, అడిగేదెవరు

ఫిల్మ్‌నగర్‌లో డ్రగ్ టెస్ట్ అన్న మాట వినపడగానే అందరికీ గుర్తొచ్చేది 2017 జులై, నాంపల్లి అబ్కారీ భవన్. ఎక్సైజ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టర్ అకున్ సబర్వాల్ పర్యవేక్షణలో డ్రగ్స్ కేసు దర్యాప్తు చేస్తున్న సిట్ 12 మంది సినిమావాళ్లకు నోటీసులిచ్చింది. మొదటి వంతు 19వ తేదీన దర్శకుడు పూరి జగన్నాథ్‌ది. పొద్దున వెళ్లిన మనిషి రాత్రి గానీ బయటికి రాలేదు. ఆ మధ్యలో ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు వచ్చి ఆయన ఒప్పుకోలుతో రక్తం, వెంట్రుకలు, గోళ్లు తీసుకున్నారు. జూబ్లీహిల్స్ బంగళాల్లో ఆ రాత్రి ఎంతమంది తమ జుట్టు తడుముకున్నారో చెప్పలేం.

అసలు ఈ పరీక్ష పుట్టింది పోలీసుల కోసం కాదు, కొలువుల కోసం. అదీ సైన్యంలో. వియత్నాంలో అమెరికన్ సైనికులు హెరాయిన్‌కు అలవాటు పడుతున్నారన్న వార్తలు గుప్పుమన్నాక, 1971 జూన్‌లో నిక్సన్ ప్రభుత్వం ఒక షరతు పెట్టింది: మూత్ర పరీక్ష నెగ్గితేనే ఇంటికి వెళ్లే విమానం. దానికి ఎవరో చమత్కారి ‘ఆపరేషన్ గోల్డెన్ ఫ్లో’ అని పేరు పెట్టాడు. పదేళ్ల తర్వాత, 1981 మే 26న, నిమిట్జ్ యుద్ధనౌక డెక్ మీద విమానం కూలి 14 మంది చనిపోయారు. మృతుల్లో డెక్ సిబ్బంది కొందరి శరీరాల్లో గంజాయి ఆనవాళ్లు దొరికాయి. ప్రమాదానికి కారణం అదేనని ఎవరూ తేల్చలేదు గానీ, నౌకాదళం ఆ ఏడాది చివరికల్లా ఉపేక్షించేది లేదని ప్రకటించింది. సైన్యం నుంచి సివిల్ ఉద్యోగాలకు దారి వేసింది రీగన్. 1986 సెప్టెంబర్ 15న ఇచ్చిన ఉత్తర్వుతో కీలక పదవుల్లోని ఫెడరల్ ఉద్యోగులూ సీసా పట్టుకోవాల్సి వచ్చింది. మరుసటి జనవరిలో మేరీలాండ్‌లో ఆమ్‌ట్రాక్ రైలు ప్రమాదంలో 16 మంది పోయారు. గూడ్స్ ఇంజను సిబ్బంది గంజాయి తాగినట్టు తేలింది. 1991 చట్టంతో రైళ్లు, లారీలు, విమానాలు నడిపేవాళ్లందరికీ పరీక్ష తప్పనిసరైంది.

అమెరికా ప్రభుత్వం 1988లో రాసుకుని, తర్వాత సవరించుకుంటూ వచ్చిన నిబంధనల్లో నాకు ఆసక్తి కలిగించేది శిక్ష కాదు, పద్ధతి. కనీసం 45 మిల్లీలీటర్లు. టాయిలెట్ తొట్టిలో నీలం రంగు, నీళ్లు కలపకుండా. సీసా చేతికొచ్చిన 4 నిమిషాల్లోపు ఉష్ణోగ్రత చూడాలి, అది 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. ఇచ్చినవాడి కళ్ల ముందే రెండు సీసాల్లో పోసి, సీలు వేసి, దాని మీద అతని చేతే పొడి అక్షరాలు రాయించాలి. రెండో సీసా అతని హక్కు: ఫలితం మీద అనుమానముంటే వేరే ల్యాబ్‌కు పంపమని అడగొచ్చు. మొదటి పరీక్షలో పాజిటివ్ వచ్చినా లెక్కలోకి రాదు, మాస్ స్పెక్ట్రోమెట్రీతో మళ్లీ రుజువు కావాలి. ఆ పైన ఒక వైద్యుడు ఉద్యోగితో మాట్లాడి, మందుల చీటీ ఏమన్నా ఉందా అని అడిగాకే యజమానికి కబురు వెళుతుంది. ఇంత జాగ్రత్త పెట్టుకున్నా తప్పులొచ్చాయి. గసగసాలు తిన్నవాళ్లు నల్లమందు పరీక్షలో దొరికిపోతున్నారని తెలిసి, 1998లో ఆ హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. మసాలా కూర ఘుమఘుమలాడాలంటే గసగసాలు నూరాల్సిందే అనుకునే మన ఇళ్లకు ఈ సంగతి తెలిసుండటం మంచిది.

మన దగ్గర ఇలాంటి పద్ధతి పట్టాలెక్కింది విమానయానంలోనే. 2022 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చిన డీజీసీఏ నిబంధన ప్రకారం పైలట్లు, విమాన సిబ్బంది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లలో ఏటా కనీసం 10 శాతం మందికి ఎప్పుడంటే అప్పుడు పరీక్ష చేయాలి. శంషాబాద్ కంట్రోల్ టవర్‌లో కూర్చునేవాళ్లూ అందులోకే వస్తారు. మొదటిసారి దొరికితే డ్యూటీ నుంచి తప్పించి చికిత్సకు పంపుతారు, వెంటనే ఉద్యోగం పోదు. ఆర్టీసీ డిపోల్లో స్టీరింగ్ పట్టేముందు బ్రీత్ అనలైజర్ ఊదించడం మామూలే. కానీ 2025లో ఒక ఆర్టీసీ డ్రైవర్ కేసులో, ఆ మిషను రీడింగ్ ఒక్కదాన్నే పట్టుకుని ఉద్యోగం తీసేయడం చెల్లదని తెలంగాణ హైకోర్టు తేల్చింది. మూత్రమో రక్తమో పరీక్షించకుండా నేరం ఎలా ఖాయం చేస్తారన్నది ప్రశ్న. రెండో సీసా అవసరం మనకూ అలా తెలిసొచ్చింది.

2017కి తిరిగి వస్తే, అబ్కారీ భవన్‌లో అడిగినవాళ్లు యజమానులు కాదు, కేసు పెట్టినవాళ్లు. తేడా అంతా అక్కడే. సమ్మతి లేకుండా శాంపిల్స్ తీసుకోకూడదని నటి ఛార్మి ఉమ్మడి హైకోర్టుకు వెళ్లారు. జులై 25న కోర్టు ఆమె మాటే నిలబెట్టింది: బలవంతం కుదరదు, విచారణ పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకానే. 2010లో సెల్వి కేసులో నార్కో పరీక్షకు సమ్మతి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పి ఉన్నదే. కొందరు తమంతట తామే ఇచ్చిన శాంపిల్స్‌లో చివరికి డ్రగ్స్ ఏమీ కనపడలేదు. 2024 ఫిబ్రవరిలో నాంపల్లి కోర్టు 8 కేసుల్లో 6 కొట్టేసింది. టీవీల్లో వారాల తరబడి నడిచిన కథ ముగింపు లోపలి పేజీల్లో చిన్న వార్తగా వచ్చింది.

అదే ఏడాది మే నెలలో బెంగళూరు శివారు ఫామ్‌హౌస్ పార్టీ మీద పోలీసులు దాడి చేసి అక్కడున్నవాళ్ల రక్తం తీశారు. ఒక సీనియర్ నటికి పాజిటివ్ అన్నారు, ఆమె కాదన్నారు. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ముందు సభ్యత్వం ఆపింది, ఆమె వేరే చోట చేయించుకున్న పరీక్షల రిపోర్టులు తెచ్చాక తిరిగి ఇచ్చింది. అంటే ‘మా’ తన సొంత పరీక్ష అంటూ ఏదీ లేకుండానే, పోలీసు రిపోర్టుతో ఒకసారి, సభ్యురాలి రిపోర్టుతో ఇంకోసారి తీర్పు చెప్పింది. రెండో సీసాను ఆ నటే తన ఖర్చుతో వెతుక్కోవాల్సి వచ్చిందన్నమాట.

సినిమాకు కొలువు పద్ధతి ఎందుకు రాలేదంటే, ఇక్కడ యజమాని నిలకడగా ఉండడు. ఒక యూనిట్ ఆయుష్షు కొన్ని నెలలు. 24 క్రాఫ్ట్‌లవాళ్లు యూనియన్ కార్డులతో వస్తారు, షెడ్యూలు అయిపోగానే ఇంకో సెట్‌కు వెళ్లిపోతారు. 2025 ఆగస్టులో వేతనాల కోసం షూటింగులు ఆగినప్పుడు మాత్రం నిర్మాతలు, సినీ కార్మికుల ఫెడరేషన్ బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. యజమాని అనేవాడు బయటపడేది అప్పుడే. హాలీవుడ్‌లో ఈ ఖాళీని బీమా కంపెనీలు పూరించాయి. డ్రగ్స్ కేసుల్లో చిక్కుకున్న రాబర్ట్ డౌనీ జూనియర్‌కు బీమా దొరకకపోతే, 2003 నాటి ‘ద సింగింగ్ డిటెక్టివ్’ కోసం మెల్ గిబ్సన్ తానే పూచీ పడ్డాడు. కేరళ నిర్మాతలు 2025లో నటీనటులు, సిబ్బంది అందరి దగ్గరా సెట్‌లో డ్రగ్స్ వాడబోమని రాతపూర్వక హామీ అడిగారు. హామీ తీసుకోవడం తేలిక, సీసాకు సీలు వేయడమే కష్టం.

ఇక్కడ తెలంగాణ ప్రభుత్వం 2024లో వేరే దారి పట్టింది. టికెట్ ధరల పెంపు అడిగే సినిమాల తారలు డ్రగ్స్ మీద అవగాహన వీడియో చేసివ్వాలంది. తెర మీద హీరో వద్దంటాడు, సెట్‌లో అడిగేవాళ్లు లేరు. ఒకవేళ రేపు ఫిల్మ్‌ఛాంబరే పరీక్ష పెడదామనుకుంటే ముందు తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి: క్రేన్ ఆపరేటర్‌కూ, రోప్ పట్టే ఫైటర్‌కూ మొదట పెడతారా, హీరోకా? రిపోర్టు ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్‌కు వెళుతుందా, వైద్యుడి దగ్గరే ఆగుతుందా? రెండో సీసా ఖర్చు ఎవరిది?