రాచరికం, విచక్షణాధికారం: ఆస్ట్రేలియా గణతంత్ర చర్చపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆధునిక ప్రజాస్వామ్యంలో రాచరికం కొనసాగాలా అన్న చర్చ ఎక్కువగా రాజకుటుంబం ఖర్చు మీద, పుట్టుకతో వచ్చే హోదా న్యాయాన్యాయాల మీద నడుస్తుంది. రెండూ ముఖ్యమే. అయితే పౌరుడి ఓటును నేరుగా తాకే ప్రశ్న ఇంకొకటి ఉంది: రాజు పేర చలామణి అయ్యే అధికారాలను ఎవరు వాడుతున్నారు, ఏ హద్దుల్లో వాడుతున్నారు? ప్రజాస్వామ్యం రాచరికాన్ని వదులుకోవాలనీ, ఆ పని చేసేటప్పుడే దేశాధినేత విచక్షణాధికారాలకు లిఖిత హద్దులు పెట్టుకోవాలనీ ఆస్ట్రేలియా అనుభవం ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

1975 నవంబర్ 11

1901లో అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా రాజ్యాంగంలో ప్రధానమంత్రి ప్రస్తావనే లేదు. 64వ సెక్షన్ ప్రకారం మంత్రులు, రాజు ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ అభీష్టం మేరకు పదవిలో ఉంటారు. ఆయన ప్రధాని సలహా మేరకే నడుచుకోవాలన్నది కేవలం సంప్రదాయం.

1975లో సెనేట్‌లో ప్రతిపక్షం బడ్జెట్ బిల్లులను ఆపేసింది. సెనేట్‌లో సగం స్థానాలకు ఎన్నికలు కోరదామని ప్రధాని గాఫ్ విట్లమ్ నవంబర్ 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ నివాసానికి వెళ్లారు. కెర్ ఆయన చేతికి బర్తరఫ్ లేఖ ఇచ్చారు. ప్రతిపక్ష నేత మాల్కం ఫ్రేజర్ అప్పటికే అదే భవనంలో మరో గదిలో ఉన్నారు. కాసేపట్లోనే ఆపద్ధర్మ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆ మధ్యాహ్నమే ప్రతినిధుల సభ ఫ్రేజర్‌పై అవిశ్వాసం ప్రకటించింది. తీర్మానం పట్టుకెళ్లిన స్పీకర్‌ను కెర్ కలిసేలోపే ఉభయ సభల రద్దుపై సంతకం అయిపోయింది. స్పీకర్ నాటి దేశాధినేత అయిన రాణికి లేఖ రాస్తే, కిరీటం అధికారాలను రాజ్యాంగం గవర్నర్ జనరల్‌కే ఇచ్చిందని, రాణి జోక్యం చేసుకోరని జవాబు వచ్చింది. కెర్‌కూ రాణి కార్యాలయానికీ మధ్య నడిచిన ఉత్తరాలు 2020లో, అత్యున్నత న్యాయస్థానం తీర్పు తర్వాతే ప్రజలకు అందాయి.

డిసెంబర్ ఎన్నికల్లో ఫ్రేజర్ గెలిచారు కాబట్టి కెర్ చేసింది సరైనదే అనేవారున్నారు. కానీ సభ విశ్వాసం ఉన్న ప్రధానిని ఒక్క వ్యక్తి తొలగించవచ్చా అన్న ప్రశ్నకు తర్వాతి ఎన్నికల ఫలితం జవాబు కాదు. కిరీటం రాజకీయాలకు అతీతమైన రక్షణ అనే వాదన ఇక్కడే వీగిపోతుంది. అధికారం కిరీటం పేర నడిచింది; దానికి జవాబు చెప్పేవారు మాత్రం ఎవరూ లేకపోయారు.

1999 రెఫరెండం

1999 నవంబర్ 6న, రాణి, గవర్నర్ జనరల్ స్థానంలో పార్లమెంటు మూడింట రెండు వంతుల మెజారిటీతో నియమించే అధ్యక్షుడు ఉండాలన్న ప్రతిపాదనపై ఓటింగ్ జరిగింది. 54.87 శాతం మంది కాదన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఆమోదించలేదు. అధ్యక్షుణ్ణి ప్రజలే ఎన్నుకోవాలనే గణతంత్రవాదుల్లోనూ చాలామంది వ్యతిరేకించారు. ముసాయిదాలోనే లోపాలున్నాయి. ప్రధాని ఒక్క లేఖతో అధ్యక్షుణ్ణి తొలగించవచ్చు. విచక్షణాధికారాలేమో పాత సంప్రదాయాలకే వదిలేశారు. 1975 నాటి చిక్కుముడి అలాగే ఉండిపోయింది.

భారత, ఐర్లాండ్ అనుభవాలు

రాచరికం పోయినంతమాత్రాన ఈ చిక్కు తీరదని భారతదేశమే చూపుతుంది. 1952 నుంచి మన రాష్ట్రపతిని ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటున్నారు. తొలగించాలంటే 61వ అధికరణ ప్రకారం ప్రతి సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. గవర్నర్ విషయంలో మాత్రం వలసకాలపు వాసన పోలేదు. ఆస్ట్రేలియా 64వ సెక్షన్‌లోని 'అభీష్టం' మన 164వ అధికరణలోనూ ఉంది. 1984 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్ గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని సభలో బలపరీక్ష లేకుండానే బర్తరఫ్ చేశారు. ప్రజా ఉద్యమం తర్వాత సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీ తేల్చాల్సింది సభలోనే అన్న సూత్రాన్ని 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది.

ఐర్లాండ్ 1937 రాజ్యాంగం మరో దారి చూపింది. అధ్యక్షుణ్ణి ప్రజలే ఎన్నుకుంటారు. మెజారిటీ కోల్పోయిన ప్రధాని సభ రద్దు కోరితే నిరాకరించే విచక్షణ అధ్యక్షుడికి ఉందని స్పష్టంగా రాసుకున్నారు. హద్దులు రాసి ఉన్నచోట ప్రత్యక్ష ఎన్నిక పార్లమెంటరీ పద్ధతికి అడ్డురాదు.

ముగింపు

వారసత్వంగా వచ్చే దేశాధినేత పదవి సమాన పౌరసత్వానికి విరుద్ధం. దాన్ని నిలుపుకోవడానికి బలమైన కారణం కనిపించదు. అయితే ఆస్ట్రేలియా మళ్లీ ప్రజల ముందుకు వెళ్లేటప్పుడు మూడు విషయాలు ముసాయిదాలోనే ఉండాలి: సభ విశ్వాసం ఉన్న ప్రధానిని దేశాధినేత తొలగించకూడదు, దేశాధినేతను ప్రధాని ఒక్కరే తొలగించకూడదు, విచక్షణతో తీసుకునే ప్రతి నిర్ణయానికీ కారణాలు వెంటనే పార్లమెంటుకు తెలపాలి. ఈ హద్దులు లేని గణతంత్రంలో 1975 పునరావృతం కావచ్చు.