రౌద్రాభాసమున హాస్యము

చార్మినారు (1591) చేరువను పెరిగిన పాతనగరపు వాడలలో మొఘల్‌పురా యొకటి. ఉర్దూ ఘర్ ఈ వాడయందే కలదు. కుతుబ్‌షాహీల కాలమున కావ్యభాషగా వెలసిన దక్ఖని యిచ్చటి వీథులలో నేటికిని వినవచ్చును. మరాఠీ ‘నకో’తో జుట్టఱికముగల ‘నక్కో’ యను నిషేధపదము దాని కొక ముద్ర. హైదరాబాదున 1968లో ‘షగూఫా’ యను హాస్యపత్రిక పుట్టుట యీ భాషావాతావరణమున వింత గాదు.

కుంట నిఖిల్ దర్శకత్వమున వచ్చిన ‘ది అంగ్రేజ్’ చిత్రమునకు నీ భాషయే ప్రాణము. చార్మినారు చెంత ప్రొద్దుపుచ్చు ఇస్మాయిల్ భాయికి కత్తి కంటె నోరు వాడి. అతని ముఠాలోని సలీమునకు ‘ఫేకు’ అని బిరుదు. ఉర్దూవారు బొంకులను విసరుదురు, తెనుగువారు కోతలు కోయుదురు. రెండును చేతిపనులే, ఫలము మాత్రము శూన్యము. ఇచ్చట దుండగీడు నవ్వించుట కర్త యెఱిగి చేసినది.

కర్త యెఱుగక నవ్వించినచో నేమందుము? 1998లో కాంతి షా దర్శకత్వమున వెలువడిన హిందీచిత్రము ‘గుండా’ యట్టిది. మిథున్ చక్రవర్తి నాయకుడు, విమానాశ్రయమున కూలి. పగయు హత్యలును కథ. అందలి దుష్టులు తమ పేళ్లను ఘోరకృత్యములను అంత్యప్రాసలు గూర్చి చెప్పుకొందురు. రౌద్రమునకు ఓజస్సును పరుషవర్ణములును తగునని లాక్షణికులు విధించిరి. హంతకుడు ప్రాసకై తడవుకొనునట్లు వినబడినంతనే వాని యెడ భయము తొలగును. భీతిగొలుపవలసిన యీ చిత్రమును యువజనులు పిమ్మట అంతర్జాలమున వెదకి చూచి, సంభాషణలు కంఠస్థము చేసి, నవ్వుటకే మరల మరల చూచిరి.

దీనిని రసజ్ఞత గాదని త్రోసిపుచ్చుట సులభము, కాని శాస్త్రము దానికి సమ్మతింపదు. అనౌచిత్యమే రసభంగమునకు హేతువని ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దియందు నిర్ణయించెను. అభినవగుప్తుడు మఱియొక యడుగు వైచి, అనౌచిత్యముచే ఆభాసమైన యే రసమైనను హాస్యమునకు విభావము గాగలదనెను. సీతపై రావణుని వలపు ఆయన యుదాహరణము. రావణుడు నవ్వింప దలచినవాడు కాడు. తన వలపును నిజమనియే నమ్మినవాడు. పూర్వాపరములు విచారించిన సామాజికునికి నవ్వు కలుగును. ఈ న్యాయమున కర్త యుద్దేశముతో పని లేదు. ‘గుండా’ ప్రేక్షకులు అభినవగుప్తుని పక్షమువారే.

అయినను ఒక చిక్కు మిగులును. మృచ్ఛకటికమున శకారుడు సకారమును శకారముగా పలుకును, కుంతిని రావణునితో ముడివెట్టును, సభ నంతటిని నవ్వించును. ఆ శకారుడే యెనిమిదవ యంకమున వసంతసేన గొంతు నులిమినప్పుడు నవ్వు గొంతులోనే యడగును. శూద్రకుడు నవ్వు నెచ్చట నాపవలెనో యెఱిగి యాపినాడు. ‘గుండా’యందును నాయకుని చెల్లెలు చెఱుపబడి చంపబడును. అచ్చట కరుణము కూడ ఆభాసమైపోయినందున నవ్వు నాపువాడు లేడు. ప్రాసలకు నవ్విన నోరు ఆ యబల చావునకును నవ్వును. ఈ దోషము చిత్రకర్తదా, చూపరులదా యని విభజించుట కష్టము. అభినవగుప్తుని న్యాయము నవ్వునకు కారణము చెప్పినది గాని దాని కవధి చెప్పినది కాదు. ఇస్మాయిల్ భాయి ముఠాతో నీ యాపద లేదు. అతని బెదరింపులలో పెక్కులు మాటలుగనే ముగియును.