నేపాల్ లోక్తా కార్డులు: కొండ పొద నుంచి పండగ శుభాకాంక్షల దాకా

కాఠ్‌మాండూలోని థమెల్ బజారులో కాగితపు వస్తువులు అమ్మే దుకాణాలు అడుగడుగునా కనిపిస్తాయి. మడత గ్రీటింగ్ కార్డులు, నక్షత్రం ఆకారపు లాంతర్లు, దీపాలకు తొడిగే గుండ్రటి బుట్టలు, దండలుగా గుచ్చిన కాగితపు పూలు, తాడుతో కుట్టిన నోటు పుస్తకాలు. వీటిలో చాలావాటికి మూలం ఒకటే. హిమాలయాల ఎత్తుల్లో పెరిగే లోక్తా అనే పొద నారతో చేసిన కాగితం అది.

క్రిస్మస్‌కో, పెళ్లికో, పుట్టినరోజుకో యూరప్, అమెరికా, జపాన్‌లలోని ఇళ్లకు చేరే ఈ కార్డు మొదలయ్యేది కొండ జిల్లాల అడవుల్లో. కార్డుకు ఆ ప్రత్యేకతను ఇచ్చేది అక్కడి నారే. ధర పెరిగేది మాత్రం నగరంలోని కార్ఖానాలో, విదేశంలోని దుకాణంలో. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే లోక్తా పరిశ్రమలోని అసలు ప్రశ్న.

లోక్తా అంటే ఏమిటి?

డాఫ్నే బోలువా, డాఫ్నే పాపిరేసియా అనే రెండు జాతుల సతత హరిత పొదలను నేపాల్‌లో లోక్తా అంటారు. సముద్ర మట్టానికి సుమారు 1,600 నుంచి 4,000 మీటర్ల ఎత్తున, పెద్ద చెట్ల నీడలో ఇవి పెరుగుతాయి. కాగితానికి పనికొచ్చేది కాండం కాదు, బెరడు లోపలి పొరలో ఉండే పొడవాటి నార.

ఈ పొదకు ఒక మంచి గుణం ఉంది. కాండాన్ని నేలకు కొంచెం పైన నరికితే మొదలు నుంచి, వేళ్ల నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. సుమారు 5 నుంచి 8 ఏళ్లలో మరో కోతకు అందుతుంది. వేళ్లతో సహా పెకిలిస్తే మాత్రం అక్కడితో దాని కథ ముగుస్తుంది. అందుకే అడవిని భాగాలుగా విడగొట్టి, ఏడాదికో భాగంలో ముదురు కాండాలను మాత్రమే కోయడం సరైన పద్ధతి. నేపాల్‌లో 22 వేలకు పైగా సామూహిక అటవీ వినియోగదారుల సంఘాలు ఉన్నాయి. చాలాచోట్ల ఈ కోతకు హద్దులు పెట్టేది ఆ సంఘాలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని వన సంరక్షణ సమితులను ఇవి గుర్తుకు తెస్తాయి. అయితే 1993 అటవీ చట్టం నేపాల్ సంఘాలకు తమ అడవిని నిర్వహించుకుని, దాని ఉత్పత్తులను అమ్ముకునే హక్కు కూడా ఇచ్చింది.

కాగితం ఎలా తయారవుతుంది?

కోసిన కాండాల నుంచి బెరడు ఒలిచి, పైపొర గీకేసి, లోపలి నారను ఎండబెడతారు. తర్వాత నానబెట్టి, గంటల తరబడి ఉడకబెడతారు. పూర్వం ఇందుకు కట్టెల బూడిద తేట నీళ్లు వాడేవారు. ఇప్పుడు చాలాచోట్ల కాస్టిక్ సోడా వాడుతున్నారు. మెత్తబడిన నారను బాగా కడిగి, కొయ్య సుత్తులతోనో యంత్రంతోనో దంచి గుజ్జు చేస్తారు.

ఆ తర్వాతి పని ఎక్కువగా మహిళల చేతుల మీదుగా సాగుతుంది. గుడ్డ బిగించిన చెక్క చట్రాన్ని నీటిలో తేలేలా ఉంచి, అందులో కొలత ప్రకారం గుజ్జు పోస్తారు. చేత్తో కదిపి గుజ్జును సమంగా పరిచి, చట్రాన్ని మెల్లగా పైకి లేపుతారు. నీరు కారిపోయాక దాన్ని అలాగే ఎండలో నిలబెడతారు. కాగితం పూర్తిగా ఆరితేనే చట్రం ఖాళీ అవుతుంది. అంటే రోజుకు ఎన్ని కాగితాలు తయారవుతాయో తేల్చేది చట్రాల సంఖ్య, ఎండ. మబ్బు పట్టిన రోజున పని నెమ్మదిస్తుంది, వానాకాలంలో దాదాపు ఆగిపోతుంది.

పాలనా పత్రాల నుంచి గ్రీటింగ్ కార్డుల దాకా

లోక్తా కాగితం శతాబ్దాల పాటు నేపాల్ పాలనకు ఆధారంగా నిలిచింది. రాజాజ్ఞలు, భూమి పత్రాలు, మత గ్రంథాలు దీని మీదే రాశారు. పొడవాటి నార వల్ల ఇది త్వరగా చిరగదు. పురుగు పట్టడం కూడా తక్కువ.

20వ శతాబ్దంలో చౌకైన మిల్లు కాగితం రావడంతో ఈ పని వెనకబడింది. 1970ల నుంచి పర్యాటకుల రాకతో కొంత గిరాకీ తిరిగొచ్చింది. అసలు మలుపు 1980ల్లో వచ్చింది. యునిసెఫ్, నేపాల్ వ్యవసాయాభివృద్ధి బ్యాంకు చిన్న రైతుల కార్యక్రమంతో కలిసి, పశ్చిమ కొండల్లోని బాగ్లుంగ్, మ్యాగ్ది, పర్బత్ జిల్లాల్లో కాగితం తయారీని ప్రోత్సహించింది. ఆ కాగితాన్ని కార్డులుగా మలిచే పనిని భక్తపూర్ క్రాఫ్ట్ ప్రింటర్స్ చేపట్టింది.

యునిసెఫ్‌కు కార్డులతో అనుబంధం అప్పటికే పాతది. చెకోస్లవేకియాలో ఒక చిన్నారి వేసిన బొమ్మతో 1949లో ఆ సంస్థ తొలి కార్డు వచ్చింది. ఆ కార్డుల మార్కెట్ దొరకడంతో లోక్తాకు దేశం దాటే దారి ఏర్పడింది. దాని వెనకే ప్రైవేటు ఎగుమతిదారులు వచ్చారు. కార్డులతో పాటు లాంతర్లు, బహుమతి చుట్టే కాగితాలు, అలంకరణ దండలు జాబితాలో చేరాయి.

కార్డు, లాంతరు ఎలా చేస్తారు?

సాధారణంగా లోక్తా కాగితం 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది. 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉండే మడత కార్డుకు, విప్పినప్పుడు, 10 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉన్న ముక్క కావాలి. అంటే ఒక కాగితం నుంచి 8 కార్డులు వస్తాయి. మందం కోసం రెండు పొరలు అతికిస్తే 4 మాత్రమే.

అంచులను కత్తెరతో కాకుండా చేత్తో చింపడం ఈ కార్డుల అందాల్లో ఒకటి. స్కేలు వెంట తడి కుంచెతో గీత గీసి, నెమ్మదిగా లాగితే కాగితం ఆ గీత వెంటే విడిపోతుంది. అంచున నార పీచులు మెత్తగా తేలతాయి. పై బొమ్మను కొయ్య అచ్చుతోనో స్క్రీన్ ప్రింటింగ్‌తోనో వేస్తారు. ఎండబెట్టిన పూరేకులు, ఫెర్న్ ఆకులు అతికించడమూ మామూలే. ఈ కాగితం సిరాను పీల్చుకుంటుంది కాబట్టి ఫౌంటెన్ పెన్ను అక్షరాలు పాకుతాయి. బాల్ పెన్నుతో ఆ ఇబ్బంది ఉండదు.

లాంతర్లకు పల్చటి రకం వాడతారు. దీపం వెలిగిస్తే లోపలి నార గీతలు గీతలుగా కనిపిస్తుంది. మిల్లు కాగితంలో ఆ అందం రాదు. లోపల వేడెక్కని ఎల్‌ఈడీ బల్బు వాడటం క్షేమం. ఎంత గట్టిదైనా కాగితం కాగితమే.

భారత్‌లోని చేతి కాగితానికి తేడా ఏమిటి?

రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో కాగజీ కుటుంబాలు తరతరాలుగా చేతి కాగితం చేస్తున్నాయి. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమం 1959లో చేతి కాగితం తయారీ మొదలుపెట్టింది. ఇప్పటి తెలంగాణలోని కోరుట్ల కూడా నిజాం కాలంలో చేతి కాగితానికి పేరున్న ఊరే.

నేటి సాంగానేర్ కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు బట్టల కార్ఖానాల్లో మిగిలే నూలు గుడ్డ ముక్కలు. ముడిసరుకు కోసం అడవికి వెళ్లనక్కర్లేదు, కాగితం మందంగా, కార్డుకు అనువుగా వస్తుంది. లోక్తా పల్చగా ఉన్నా బలంగా ఉంటుంది. కానీ దాని భవిష్యత్తు పొద మళ్లీ చిగురించడం మీద ఆధారపడి ఉంది. సాంగానేర్‌కు వ్యర్థం దొరికితే చాలు, లోక్తాకు అడవి బతకాలి.

డబ్బు ఎక్కడ ఆగుతుంది?

తునికాకు సేకరణ తెలిసిన తెలుగు పాఠకులకు ఈ లెక్క కొత్తేమీ కాదు. ఆకు కోసేవారికి కట్టకింత అని అందుతుంది, బీడీ ధరతో వారికి సంబంధం ఉండదు. లోక్తాలోనూ నార ఒలిచే కుటుంబానికి దక్కేది కిలో లెక్కన కూలి లాంటి ధర. రంగు, అచ్చు, మడత, ప్యాకింగ్ లాంటి విలువ పెంచే పనులు ఎక్కువగా కాఠ్‌మాండూ లోయలోనే జరుగుతాయి.

దీనికి కాలం సమస్య తోడవుతుంది. క్రిస్మస్ సరుకు ఓడలో సమయానికి చేరాలంటే వేసవి, వానాకాలాల్లోనే కార్డులు సిద్ధం కావాలి. కానీ కాగితం ఆరడానికి ఎండ కావాలి. కాబట్టి కాగితాన్ని పొడి నెలల్లో ముందే చేసి నిల్వ పెట్టాలి. అమ్మకం సొమ్ము చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి. అన్నాళ్లు పెట్టుబడి ఆపుకోగలిగేది నగర వ్యాపారే తప్ప కొండ ఊరి కుటుంబం కాదు.

వేరే దారీ ఉందని దోలఖా జిల్లా చూపించింది. అక్కడ అడవికి దగ్గరలోనే, స్థానిక సంఘాల భాగస్వామ్యంతో కాగితం తయారీ కేంద్రాలు వచ్చాయి. 2005లో దోలఖా, బఝాంగ్ జిల్లాల సామూహిక అడవులకు బాధ్యతాయుత నిర్వహణకు గుర్తుగా ఎఫ్‌ఎస్‌సీ అనే అంతర్జాతీయ ధ్రువీకరణ దక్కింది. నారగా అమ్మడం మాని కాగితంగా అమ్మితే అదనపు కూలి ఆ ఊళ్లోనే మిగులుతుంది. అయితే ఆ దారీ నున్నటిది కాదు. 2015 మే 12న వచ్చిన 7.3 తీవ్రత భూకంపానికి కేంద్రం దోలఖా ప్రాంతమే. ఉడకబెట్టడానికి కావలసిన కట్టెల భారమూ ఆ అడవి మీదే పడుతుంది. కాస్టిక్ సోడా కలిసిన నీటిని శుద్ధి చేయకుండా వదిలితే కింది వాగు చెడుతుంది.

కొనేవాళ్లు ఏం చూడాలి?

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పొడవాటి నార అడ్డదిడ్డంగా అల్లుకుని కనిపించాలి. మందం అక్కడక్కడా మారుతుంది. గట్టిగా మడిచినా సులభంగా పగలదు. పొట్టి పీచులు, అచ్చు అక్షరాల మరకలు కనిపిస్తే పాత కాగితపు గుజ్జు కలిపారని అర్థం. అది తప్పేమీ కాదు, కానీ లోక్తా ధర చెల్లించనక్కర్లేదు.

అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ కాగితం ఏ జిల్లాలో తయారైంది? సమాధానం చెప్పగలిగిన దుకాణదారుకు తన సరుకు వెనక ఉన్న అడవి, ఊరు తెలుసని అనుకోవచ్చు. ఫోన్‌లో శుభాకాంక్షలు ఉచితంగా పంపగల ఈ రోజుల్లో కాగితపు కార్డు కొనేవారు తక్కువే. కొనే ఆ కొద్దిమంది ఈ ప్రశ్న అడగడం మొదలుపెడితే, నార కోసిన చేతులకు అందే వాటా గురించి జవాబు చెప్పుకోవలసిన అవసరం ఎగుమతిదారుకు వస్తుంది.